కేప్ మే తీరంలో పక్షులను చూస్తూ లెటర్‌బాక్సింగ్ చేయడం ఎలా

న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో సముద్రతీరానికి వెళ్ళడం మామూలే. కానీ గార్డెన్ స్టేట్ పార్క్‌వే సున్నా మైలు దగ్గర, రాష్ట్రానికి దక్షిణపు కొసన ఉన్న కేప్ మేకు, వేసవి రద్దీ తగ్గాక పక్షుల కోసం వెళ్ళేవారు మనలో తక్కువ. రాష్ట్రం మధ్యలో ఉన్న ఎడిసన్ ఊరి నుంచి రెండు గంటలకు పైగా ప్రయాణం. ఒకవైపు అట్లాంటిక్ సముద్రం, మరోవైపు డెలవేర్ అఖాతం ఉన్న ఆ భూమి కొసకు పిల్లలను పక్షుల కోసమని తీసుకువెళ్తే మొదటి అరగంట ఉత్సాహంగా ఉండి, తర్వాత ఫోన్ అడుగుతారు. వాళ్ళ కాళ్ళకు, కళ్ళకు, చేతులకు ఒకేసారి పని కల్పించే వ్యాపకం లెటర్‌బాక్సింగ్. దాన్ని పక్షులకు ఏ ఇబ్బందీ కలగకుండా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ఆట తీరు తేలికైనదే. ఒకరు చేత్తో చెక్కిన రబ్బరు స్టాంపును, ఒక చిన్న నోటుపుస్తకాన్ని నీరు చొరబడని డబ్బాలో ఉంచి ఆరుబయట ఎక్కడో దాస్తారు; అక్కడికి చేరే దారిని క్లూలుగా రాసి అందరికీ అందుబాటులో పెడతారు. వెతికి కనుక్కున్నవారు తమ సొంత స్టాంపును డబ్బాలోని పుస్తకంలో వేసి, డబ్బాలోని స్టాంపును తమ పుస్తకంలో వేసుకొని, డబ్బాను ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేసి వస్తారు. దీని పుట్టుక ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూముల్లో జరిగింది. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు, చేరుకోవడం కష్టమైన క్రాన్‌మియర్ పూల్ అనే చోట ఒక సీసా ఉంచితే, అక్కడిదాకా నడిచి వచ్చినవారు అందులో తమ పేరు చీటీలు వేసి వెళ్ళేవారు. అమెరికాలో 1998 ఏప్రిల్‌లో స్మిత్‌సోనియన్ పత్రికలో డార్ట్‌మూర్ గురించిన వ్యాసం వచ్చిన తర్వాత ఇది ఊరూరా పాకింది. ఇలాగే దాచిన డబ్బాలను వెతికే ఆట, 2000లో మొదలైన జియోకాషింగ్‌కు జీపీఎస్ ఆధారం. లెటర్‌బాక్సింగ్‌కు చదవడం, దిక్సూచి పట్టడం, చుట్టూ చూడడం ఆధారం. పక్షులను చూసేవారికి రెండోదే సరిపోతుందని నా అభిప్రాయం, ఎందుకంటే తల దించుకొని తెర చూస్తూ నడిచేవారికి తలమీదుగా ఎగిరే డేగ కనిపించదు.

ముందుగా కాలాన్ని ఎంచుకోండి

కేప్ మేలో ఏ నెలలో వెళ్తున్నారన్నదే మీరు ఎక్కడ అడుగుపెట్టవచ్చు, ఎక్కడ పెట్టకూడదు అన్నదాన్ని నిర్ణయిస్తుంది కనుక, క్లూలు వెతకడానికి ముందే క్యాలెండర్ చూడాలి.

లెటర్‌బాక్సింగ్‌కు అన్నిటికన్నా అనువైనది సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఉండే వలస కాలం. ఉత్తరాది నుంచి దక్షిణానికి వెళ్ళే వేటపక్షులు నీటి మీదుగా ఎక్కువ దూరం ఎగరడానికి ఇష్టపడవు. శీతల వాయువులు దిగివచ్చి వాయవ్యం నుంచి గాలి వీచినప్పుడు అవి తీరం వైపుకు నెట్టబడి, రెండు తీరాలూ కలిసే ఈ కొసకు చేరి, అఖాతాన్ని దాటాలా వద్దా అన్నట్టు గాలిలో గిరికీలు కొడతాయి. అందుకే చలిగాలి వచ్చిన మర్నాటి ఉదయం ఇక్కడ ఆకాశం నిండుగా ఉంటుంది. కేప్ మే పాయింట్ స్టేట్ పార్కులో ఇందుకోసమే ఒక చెక్క వేదిక ఉంది. కేప్ మే బర్డ్ అబ్జర్వేటరీ 1976 నుంచి ఏటా సెప్టెంబరు 1 మొదలు నవంబరు 30 వరకు అక్కడ వేటపక్షులను లెక్కిస్తోంది. సెప్టెంబరులో ఆస్ప్రేలు, కెస్ట్రెల్‌లు, మెర్లిన్‌లు ఎక్కువ. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పెరిగ్రిన్ డేగలు జోరుగా వస్తాయి. నవంబరులో రెడ్-టెయిల్డ్ హాక్‌లు, అదృష్టం బాగుంటే గోల్డెన్ ఈగిల్ కనిపిస్తాయి. మోనార్క్ సీతాకోకచిలుకలు కూడా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇదే దారిన మెక్సికోకు వెళ్తాయి. వాతావరణ సూచనలో గాలి దిశ చూసి ప్రయాణం పెట్టుకోండి. దక్షిణపు గాలి వీచే రోజున వెళ్తే డబ్బాలు దొరుకుతాయి గాని పక్షులు అంతగా దొరకవు.

వసంతం, వేసవి మాత్రం మరో లెక్క. మార్చి మధ్య నుంచి ఆగస్టు వరకు సముద్రపు ఒడ్డున పైపింగ్ ప్లవర్, లీస్ట్ టర్న్, బ్లాక్ స్కిమ్మర్, ఆయిస్టర్‌క్యాచర్ వంటి పక్షులు ఇసుకలోనే గుడ్లు పెడతాయి. అరచేతి వెడల్పు గుంట, అందులో ఇసుక రంగులోనే సన్నని మచ్చలున్న నాలుగు గుడ్లు: పైపింగ్ ప్లవర్ గూడంటే అంతే. అట్లాంటిక్ తీరంలో ఈ పక్షిని 1986 ప్రాంతం నుంచి అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో ఉంచారు. మనిషి దగ్గరకు వస్తే తల్లి పక్షి లేచి పోతుంది. ఎండలో గుడ్లు ఉడికిపోవడానికి కొద్ది నిమిషాలు చాలు. పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే గూడు విడిచి నీటి అంచున పరుగెడతాయి కనుక, గూళ్ళ చుట్టూ రక్షణగా కట్టిన తాడు బయట కూడా అవి కాళ్ళ కింద పడవచ్చు. ఈ నెలల్లో ఒడ్డున ఇసుక మీద ఏ డబ్బా కోసమూ వెతకకండి. ఏ క్లూ అయినా మిమ్మల్ని తాడు లోపలికి, ఇసుక తిన్నెల మీదికి తీసుకువెళ్తుంటే ఆ క్లూ తప్పు రాసినట్టే. వెనక్కి తిరిగి రావడమే సరైన పని.

మే నెలలో డెలవేర్ అఖాతం వైపు ఇంకొక సంగతి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి నాటి పెద్ద పోటుకు హార్స్‌షూ పీతలు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. దక్షిణ అమెరికా కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగో దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆర్కిటిక్‌కు సుమారు 15,000 కిలోమీటర్లు ప్రయాణించే రెడ్ నాట్ అనే ఉల్లంకి జాతి పక్షులు సరిగ్గా ఆ గుడ్ల కోసమే ఇక్కడ ఆగి, రెండు వారాల్లో దాదాపు రెట్టింపు బరువు పెరిగి మళ్ళీ లేస్తాయి. మేత మేస్తున్న గుంపును ఒక్కసారి లేపితే, అవి కూడబెట్టుకున్న కొవ్వు ఆ ఎగురుడుకు ఖర్చవుతుంది. అందుకే మే 7 నుంచి జూన్ 7 వరకు రీడ్స్ బీచ్ వంటి అఖాతపు ఒడ్లను మూసి ఉంచుతారు; నిర్ణీత చోట నిలబడి చూడవచ్చు, అంతే. ఆ నెలలో ఒక్క బైనాక్యులర్స్ తీసుకువెళ్ళి, స్టాంపు పుస్తకాన్ని ఇంట్లోనే ఉంచడం మంచిది.

సొంత స్టాంపు చెక్కడం

కొన్న స్టాంపుతో కూడా ఆడవచ్చు. అయినా చెక్కుకోమనే చెబుతాను. ఒక పక్షిని చెక్కినవారు దాని ముక్కు వంపును, తోక పొడవును మరిచిపోలేరు.

దీనికి చదునైన ఎరేజర్ గాని, చేతిపనుల దుకాణాల్లో దొరికే మెత్తని చెక్కుడు రబ్బరు గాని చాలు. లినోలియం చెక్కే ఉలి సెట్టు కొనండి. అందులో సన్నని వీ ఆకారపు మొన, వెడల్పాటి యు ఆకారపు మొన రెండూ ఉంటాయి. ముందు మామూలు కాగితం మీద మెత్తని పెన్సిల్‌తో బొమ్మ గీయండి. ఆ కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి, కదలకుండా పట్టుకొని, వెనకవైపు గోటితో గట్టిగా రుద్దితే బొమ్మ కుడిఎడమలు తారుమారై రబ్బరు మీదకు దిగుతుంది. స్టాంపు వేసినప్పుడు అది మళ్ళీ తిరగబడి సరిగ్గా పడుతుంది. అక్షరాలు ఉన్నప్పుడు ఈ పద్ధతి తప్పనిసరి. నేరుగా రబ్బరు మీద రాస్తే ముద్ర అద్దంలో చూసినట్టు వస్తుంది.

చెక్కేటప్పుడు ఉలిని తిప్పకండి, రబ్బరును తిప్పండి. ఉలి పట్టిన చెయ్యి ఒకే చోట, ఒకే కోణంలో నిలిచి, రెండో చెయ్యి రబ్బరును మెల్లగా తిప్పుతుంటే గుండ్రని గీత గుండ్రంగా వస్తుంది. మొదట వీ మొనతో గీతల వెంట రెండు వైపులా లోతు తక్కువగా తీసి, తర్వాత యు మొనతో మిగిలిన ఖాళీని తొలగించాలి. గీత కిందిభాగం పైభాగం కన్నా వెడల్పుగా, గట్టు వాలినట్టు మిగలాలి. ఉలిని గీత అడుగుకు పోనిస్తే నాలుగు ముద్రలకే ఆ గీత వంగి విరిగిపోతుంది. ఉలి ఎప్పుడూ మీ వేళ్ళ నుంచి దూరంగా పోవాలి, పిల్లల చేతికి ఇస్తే పక్కన కూర్చోండి.

తెలుగు అక్షరాలు చెక్కాలనుకునేవారికి ఒక సూచన. మన లిపిలో గుండ్రని భాగం కష్టం కాదు, తలకట్టు కష్టం. 'డేగ' అని చెక్కుతుంటే 'గ' మీది తలకట్టు, 'డే' మీది ఏత్వం సన్నగా, విడిగా నిలబడి ఉంటాయి కనుక అవే ముందు ఊడతాయి. అక్షరం ఎత్తు కనీసం ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంచి, తలకట్టును అక్షరానికి ఆనించి మందంగా చెక్కితే నిలుస్తుంది. ఇక్కడి పుస్తకాల్లో అన్నీ ఇంగ్లీషు ముద్రల మధ్య ఒక తెలుగు ముద్ర కనిపిస్తే, తర్వాత వచ్చినవారు ఇది ఏ భాష అని అడుగుతూ పుస్తకంలో రాసి వెళ్తారు.

పక్షి బొమ్మల్లో మొదటి ప్రయత్నానికి ఎగురుతున్న ఆస్ప్రే మంచిది. కింద నుంచి చూస్తే దాని రెక్కలు మణికట్టు దగ్గర వంగి ఇంగ్లీషు 'ఎం' అక్షరంలా ఉంటాయి. నాలుగు వంపులు సరిగ్గా వస్తే, పక్షి తెలిసినవారు ఎవరైనా గుర్తుపడతారు. ఈకల వివరాలు చెక్కే ప్రయత్నం చేయకండి, నల్లని ఆకారం చాలు.

సంచిలో ఏముండాలి

మీ స్టాంపు, మీ ముద్రల పుస్తకం, ఇంక్ ప్యాడ్, పెన్సిల్, దిక్సూచి, కాగితం మీద రాసుకున్న క్లూలు. పుస్తకం కాగితం మందంగా, నునుపు లేకుండా ఉండాలి. పలుచని కాగితంలో సిరా వెనక్కి దిగి, రెండువైపులా పాడవుతుంది. స్టాంపు తుడవడానికి తడి తుడుపు కాగితాలు, వాటిని తిరిగి తీసుకురావడానికి ఒక సంచి. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్స్ ఇద్దరికి ఒకటైనా ఉండాలి.

పొదల అంచున చేతులు పెట్టే ఆట కనుక ఒంటి రక్షణ సంగతి తేలికగా తీసుకోవద్దు. న్యూజెర్సీలో పిడుదులు లైమ్ వ్యాధిని మోస్తాయి. పొడవు ప్యాంటు వేసుకొని, కింది అంచును సాక్సులోకి దోపి, తిరిగి వచ్చాక పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక, తల వెంట్రుకల్లో చూడండి. లేత రంగు బట్టలైతే పిడుదు వెంటనే కంటపడుతుంది. మూడేసి ఆకులతో ఉండే పాయిజన్ ఐవీ తీగ తీరం వెంట ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, శీతకాలంలో ఆకులు రాలినా తీగ తగిలితే ఒళ్ళంతా దురదలు, బొబ్బలు వస్తాయి. అందుకే ఏ తొర్రలోనూ, దుంగ కిందా చెయ్యి పెట్టకుండా ముందు కర్రతో చూడాలి. జులై, ఆగస్టుల్లో ఉప్పు బురదనేలల దగ్గర పచ్చకళ్ళ జోరీగలు కుడతాయి, ఆ నెలలు వదిలేసుకోవడం మేలు.

క్లూ చదవడం, వెతకడం, ముద్రలు వేయడం

అట్లాస్ క్వెస్ట్, లెటర్‌బాక్సింగ్ నార్త్ అమెరికా అనే రెండు వెబ్‌సైట్లలో ఊరి పేరుతో వెతికితే క్లూలు దొరుకుతాయి. ఎంచుకున్న డబ్బాను చివరిసారి ఎవరు, ఎప్పుడు కనుక్కున్నారో చూడండి. రెండు మూడేళ్ళుగా ఎవరికీ దొరకని డబ్బాను పిల్లలతో వెతకడానికి పెట్టుకోకండి. తీరంలో ఒక పెద్ద తుఫాను చాలు డబ్బా కొట్టుకుపోవడానికి.

క్లూలో డిగ్రీలు రాసి ఉంటే, అవి దిక్సూచి చూపే ఉత్తరం నుంచా, పటంలోని ఉత్తరం నుంచా అని తెలుసుకోవాలి. కేప్ మే దగ్గర దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి దాదాపు 12 డిగ్రీలు పడమరగా నిలుస్తుంది. ఏమీ చెప్పకపోతే దిక్సూచి లెక్కే అనుకోండి. ఇరవై అంగల దూరంలో 12 డిగ్రీల తేడా అంటే నాలుగు అంగలు పక్కకు పోవడమే, అంటే మీరు పక్క పొదలో వెతుకుతుంటారు. అంగ అని రాసినప్పుడు కొందరు ఒక అడుగును, మరికొందరు రెండడుగులను లెక్కిస్తారు కనుక, రెండు చోట్లా చూడండి. దారి వదిలి పది అడుగులకు మించి పోవలసి వస్తే ఎక్కడో లెక్క తప్పింది. దారి మీదికి వచ్చి మళ్ళీ మొదలుపెట్టండి.

డబ్బా దొరికాక అక్కడే కూర్చొని తెరవకండి. చుట్టూ ఎవరూ గమనించడం లేదని చూసుకొని, డబ్బాను తీసుకొని కాస్త దూరంలో ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళండి. దాచిన చోటు మరొకరికి తెలియకుండా ఉండటం ఒక కారణం. పొద దగ్గర నలుగురు చేరి కబుర్లాడితే అందులో మేస్తున్న వలస పిట్టలు మేత మానుకోవడం అంతకన్నా పెద్ద కారణం. రాత్రంతా ఎగిరి తెల్లవారి దిగిన చిన్న పిట్టకు ఉదయపు మొదటి రెండు గంటల మేత చాలా అవసరం. కనుక పొదల దగ్గరి డబ్బాలను మధ్యాహ్నానికి ఉంచుకొని, ఉదయం వేదిక మీద ఆకాశం చూడడానికి కేటాయించండి.

ముద్ర వేసేటప్పుడు స్టాంపును ప్యాడ్ మీద అదమకుండా, స్టాంపును వెల్లకిలా పట్టుకొని ప్యాడ్‌తోనే దాని మీద తట్టండి. అప్పుడు సిరా గీతల మీదే పడుతుంది, గుంటల్లోకి దిగదు. పుస్తకాన్ని గట్టి చోట ఉంచి, స్టాంపును ఊపకుండా నిటారుగా నొక్కి, నిటారుగా తీయాలి. రెండు రంగులు కావాలంటే స్కెచ్ పెన్నులతో స్టాంపు మీదే రంగు పూసి, నోటి ఆవిరి ఒకసారి ఊది వేస్తే ఆరిన రంగు మళ్ళీ తడిసి కాగితం మీద పడుతుంది. డబ్బాలోని పుస్తకంలో మీ ముద్ర పక్కన తేదీ, ఊరు, ఆటకు పెట్టుకున్న మారుపేరు రాయండి. పిల్లల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు రాయవద్దు. ఆ రోజు చూసిన పక్షుల పేర్లు రాయడం కేప్ మే వంటి చోట మంచి పద్ధతి, తర్వాత వచ్చేవారికి ఏం చూడాలో తెలుస్తుంది. స్టాంపు తుడిచి, పూర్తిగా ఆరాక, సంచుల నోళ్ళు మూసి, డబ్బాను అదే చోట, అదే వైపుకు, పైన కప్పిన రాయో బెరడో అలాగే కప్పి పెట్టండి.

వేదిక మీద స్టాంపు పని పెట్టుకోకండి. అక్కడ లెక్కపెట్టేవారు గంటలకొద్దీ కన్ను ఆర్పకుండా ఆకాశం చూస్తుంటారు. టెలిస్కోపుల ముందు నుంచి నడవకుండా, మెల్లగా ప్రశ్న అడిగితే, ఎగిరేది షార్ప్-షిన్డ్ హాకా, కూపర్స్ హాకా అన్నది ఓపికగా చెబుతారు. మొదటిదాని తోక చివర కత్తిరించినట్టు తిన్నగా, రెండోదాని తోక గుండ్రంగా ఉంటుంది.

మీరే ఒక డబ్బా దాచాలనుకుంటే

కొన్నాళ్ళు వెతికిన తర్వాత సొంత డబ్బా పెట్టాలనిపిస్తుంది. ఇక్కడే అత్యంత జాగ్రత్త కావాలి, ఎందుకంటే మీరు ఎంచుకున్న చోటికి ముందు ముందు ఎందరో వచ్చి అదే నేల తొక్కుతారు.

మొదటి పని అనుమతి. గాల్లోవే దగ్గర ఎనిమిది మైళ్ళ కారు దారి ఉన్న ఫోర్సైత్ వంటి కేంద్ర వన్యప్రాణి ఆశ్రయాల్లో వస్తువులు వదిలిపెట్టడం నిషిద్ధం. అక్కడ డబ్బా ఆలోచనే వద్దు. స్టేట్ పార్కులో పెట్టాలంటే పార్కు కార్యాలయాన్ని అడిగి, వారు చూపిన చోటే పెట్టాలి. సౌత్ కేప్ మే మెడోస్ అనే చోటు నేచర్ కన్సర్వెన్సీ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ వారి నేల, వారి మాట లేకుండా ఏదీ పెట్టకూడదు. హిగ్‌బీ బీచ్ లాంటి వన్యప్రాణి నిర్వహణ ప్రాంతాల్లో వేట నియమాలు కూడా ఉంటాయి, వాటినీ కనుక్కోవాలి.

నా మాట వింటే, డబ్బాను పక్షుల చోట అసలు పెట్టకండి. క్లూను పక్షుల చోట పెట్టి, డబ్బాను ఊళ్ళో పెట్టండి. కేప్ మే నగరం మొత్తం 1976 నుంచి జాతీయ చారిత్రక స్థలం. పాత విక్టోరియన్ ఇళ్ళను బసలుగా నడిపేవారు, పుస్తకాల దుకాణాలవారు అనుమతి అడిగితే ఇంటి ముందు పూలకుండీ వెనకో, అరమీదో చోటు ఇవ్వడానికి అవకాశం ఉంది. వెతికేవారు పార్కులో చదివి, చూసి, లెక్క కట్టి, ఊళ్ళోకి వచ్చి డబ్బా తెరుస్తారు. పొదలకు గాని, ఇసుక తిన్నెల మీది గడ్డికి గాని ఏ నష్టమూ ఉండదు. ఆ గడ్డి వేళ్ళే తిన్నెను పట్టి ఉంచుతాయి, పదిమంది తొక్కిన చోట అది చచ్చి, గాలికి ఇసుక లేచిపోతుంది.

క్లూ ఎలా రాయాలో ఒక ఉదాహరణ. కేప్ మే లైట్‌హౌస్ 1859 నాటిది, పైకి 199 మెట్లు. 'లైట్‌హౌస్ కట్టిన సంవత్సరంలోని అంకెలు కూడండి, వచ్చినన్ని అంగలు గేటు నుంచి నడవండి' అంటే 23 అంగలు. 'పైకి వెళ్ళే మెట్ల అంకెలు కూడండి' అంటే 19. ఆ సమాచారం అక్కడి పలకల మీద చదవవలసి వస్తుంది, వెతికేవారు ఒక్క నిమిషమైనా ఆగి చూస్తారు. 'తోక చివర తిన్నగా ఉన్న డేగ అయితే ఎడమకు, గుండ్రంగా ఉన్నదైతే కుడికి' అని వేదిక దగ్గరి పక్షుల పటం ఆధారంగా ఒక మలుపు పెట్టవచ్చు. క్లూ ఎప్పుడూ పలక, కట్టడం, పటం వంటి నిలిచి ఉండే వాటి మీదే ఆధారపడాలి గాని, ఆ రోజు ఎగిరే పక్షి మీద కాదు. పక్షి రాకపోతే ఆట ఆగిపోతుంది, పైగా గూటి పక్షిని వెతుకుతూ జనం లోపలికి దూరే ప్రమాదం ఉంది. అంగ అంటే ఒక అడుగా, రెండడుగులా అన్నది క్లూలోనే రాయండి. ఏ నెలల్లో వెతకకూడదో మొదటి వాక్యంలోనే చెప్పండి.

డబ్బా విషయానికి వస్తే, నాలుగు వైపులా క్లిప్పులు ఉండే చతురస్రపు ప్లాస్టిక్ డబ్బా కొనండి. తిండి పెట్టిన పాత డబ్బా వాడవద్దు. వాసనకు రక్కూన్‌లు, నక్కలు లాక్కుపోతాయి. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది కనుక లోపల ఇనుప పిన్నులున్న పుస్తకం, ఇనుప ముక్క ఏదీ ఉండకూడదు, దారంతో కుట్టిన పుస్తకం వాడండి. స్టాంపు ఒక జిప్ సంచిలో, పుస్తకం మరో జిప్ సంచిలో, తేమ లాగే సిలికా పొట్లం ఒకటి. పెన్ను చలికి మొరాయిస్తుంది, పెన్సిల్ పెట్టండి. డబ్బా పైన 'లెటర్‌బాక్స్: ప్రమాదం లేదు' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో స్పష్టంగా రాయడం తప్పనిసరి, ఎవరో వదిలిపోయిన డబ్బా కనిపిస్తే జనం భయపడి పోలీసులను పిలుస్తారు. నేల తవ్వి పూడ్చకండి, గోడ రాళ్ళు కదిలించకండి.

ఈ ఆటను పులికాట్, నేలపట్టు, కోరింగ వంటి చోట్ల మొదలుపెట్టాలనుకునే ఆంధ్రదేశపు మిత్రులకు కూడా ఇదే సూచన, ఇంకాస్త గట్టిగా. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న అభయారణ్యాలు, లోపల ఏ వస్తువూ వదలకూడదు. పులికాట్ పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉంది, అక్కడ యజమాని లేని డబ్బా ఎంత కలవరం పుట్టిస్తుందో చెప్పనక్కర్లేదు. సూళ్ళూరుపేటలో తెలిసినవారి దుకాణంలోనో, ఊరి లైబ్రరీలోనో చెప్పి డబ్బా పెట్టి, క్లూలో మాత్రం రాజహంసలను, గూడబాతులను రోడ్డు మీది నుంచే చూడమని రాస్తే సరిపోతుంది.

పెట్టిన తర్వాత

డబ్బా పెట్టినవారు ప్రతి ఋతువులో ఒకసారైనా వెళ్ళి చూడాలి. సెప్టెంబరు తుఫానులు, శీతకాలపు ఈశాన్య గాలుల తర్వాత తప్పక చూడాలి. సంచులు చిరిగితే మార్చండి, పుస్తకం తడిస్తే ఆరబెట్టి కొత్తది పెట్టండి, నిండిన పుస్తకాన్ని ఇంట్లో దాచుకోండి. దగ్గరలో ఉండని వారు పెట్టకపోవడమే మంచిది. ఎడిసన్‌లో ఉండి ఏడాదికి ఒకసారి కేప్ మే వెళ్ళేవారు అక్కడ డబ్బా పెట్టే బదులు తమ ఊరి దగ్గరి చెరువు గట్టున, పార్కువారి అనుమతితో పెట్టుకుంటే చూసుకోగలరు.

డబ్బాకు పోయే దారిలో కొత్త కాలిబాట పడిందంటే, ఆకులు నలిగి నేల బయటపడిందంటే, ఆ డబ్బాను వెంటనే అక్కడి నుంచి తీసేయాలి. పక్కన ఏదైనా పక్షి గూడు కట్టినట్టు తెలిసినా అంతే. వెబ్‌సైట్‌లోని క్లూ పక్కన 'తీసేశాము' అని అదే రోజు మార్చండి. లేకపోతే లేని డబ్బా కోసం నెలల తరబడి జనం ఆ పొదను కదిలిస్తూనే ఉంటారు.